టోర్నడోలను గమనించాలనుకునే ఔత్సాహికులకు నాలుగు మార్గాలు: ఏది ఎవరికి తగినది?

ఏప్రిల్ నెల వచ్చేసరికి అమెరికా మధ్య మైదానాల్లో గాలివానల కాలం మొదలవుతుంది. దక్షిణాన సముద్రం మీది నుంచి వచ్చే తేమగాలి నేలను ఆనుకుని ఉత్తరానికి పాకుతుంది. దాని మీదుగా పడమటి ఎడారి పీఠభూముల నుంచి పొడిగాలి వస్తుంది. ఇంకా పైన జెట్ స్ట్రీమ్ వేరే దిక్కున, వేరే వేగంతో వీస్తూ ఉంటుంది. ఈ మూడూ ఒక మధ్యాహ్నం ఒకే చోట కలిస్తే, మామూలు ఉరుముల మబ్బుగా మొదలైనది గంటా గంటన్నరలో తన చుట్టూ తాను తిరిగే సూపర్‌సెల్‌గా మారవచ్చు. సూపర్‌సెల్‌లలో ఎక్కువ భాగం టోర్నడోను దించకుండానే చెదిరిపోతాయి. అయినా దేశం మొత్తం మీద ఏటా సుమారు 1,200 టోర్నడోలు నమోదవుతూనే ఉన్నాయి.

టెక్సాస్‌లో డాలస్ చుట్టుపక్కల ఉన్న ఇర్వింగ్, ఫ్రిస్కో, ప్లేనో ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఈ మైదానాల దక్షిణపు అంచులోనే నివసిస్తున్నాయి. సైరన్ మోగినప్పుడు భయపడినవారిలో కొందరికి, ఆ భయం తీరాక, అసలు ఆ మబ్బులో ఏం జరిగిందో తెలుసుకోవాలన్న కోరిక పుడుతుంది. హైదరాబాదులోనో విశాఖలోనో ఉండి, వీడియోలు చూసి ఈ విద్య మీద మనసు పడినవారూ ఉన్నారు. ఇద్దరికీ ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే: ఇంట్లో కూర్చుని రాడార్ చూడాలా, గాలివానను కంటితో గమనించి వాతావరణ కార్యాలయానికి తెలియజేసే స్పాటర్‌గా శిక్షణ తీసుకోవాలా, డబ్బు కట్టి టూర్‌లో వెళ్ళాలా, సొంత కారు వేసుకుని బయల్దేరాలా? ఈ నాలుగు మార్గాలనూ ఒకే కొలమానాలతో పరిశీలించి, ఎవరికి ఏది నప్పుతుందో చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం.

## దేన్ని బట్టి ఎంచుకోవాలి?

చాలామంది మొదట చూసేది ఖర్చు. నా దృష్టిలో మొదట చూడవలసింది, మనం చేసిన పొరపాటును దిద్దుకోవడానికి ఎంత వ్యవధి దొరుకుతుందన్నది. ఏ మార్గంలోనైనా పొరపాట్లు తప్పవు. గాలివాన అనుకున్న చోట పుట్టదు, రాడార్ చిత్రం ఆలస్యంగా వస్తుంది, వంతెన ఉంటుందనుకున్న చోట ఉండదు. ఇంట్లో ఉన్నవారికి ఆ తప్పు ఒక పాఠంగా మిగిలిపోతుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో కదిలే గాలివాన ముందు రోడ్డు మీద నిలబడ్డవారికి మాత్రం, చేతిలో ఉన్న చిత్రం అయిదు నిమిషాలు పాతదైతే, అది చూపిస్తున్న చోటు నుంచి గాలివాన అప్పటికే ఆరేడు కిలోమీటర్లు ముందుకు వచ్చేసి ఉంటుంది.

రెండవది నేర్చుకునే విద్య. టోర్నడోను చూడటం వేరు, అది ఎందుకు పుట్టిందో తెలియడం వేరు. కొన్ని మార్గాలు మొదటిదాన్ని ఇస్తాయి, కొన్ని రెండవదాన్ని ఇస్తాయి. మన ఆసక్తి ఎటు మొగ్గుతోందో ముందే నిజాయితీగా తేల్చుకుంటే, తరువాత నిరాశ ఉండదు.

మూడవది డబ్బు, సెలవు. గాలివాన శని, ఆదివారాలు చూసుకుని రాదు. వారం మధ్యలో సాయంత్రం నాలుగింటికి వస్తుంది, మన సెలవు రోజుల్లో వరుసగా పది రోజులు ఆకాశం నిర్మలంగా ఉండవచ్చు.

నాలుగవది, మనం గమనించినది ఇంకొకరికి పనికొస్తుందా అన్నది. దీన్ని చాలామంది లెక్కలోకి తీసుకోరు. కానీ ఔత్సాహికులు అందించిన సమాచారం ఒక హెచ్చరికను అయిదు నిమిషాలు ముందుకు జరపగల రంగం ఇది. ఆ అవకాశాన్ని వదులుకుని కేవలం చూసి రావడంతో సరిపెట్టుకోవడం నాకు వెలితిగానే తోస్తుంది.

| మార్గం | పొరపాటు దిద్దుకునే వ్యవధి | ఖర్చు | కావలసిన సమయం | ఇతరులకు ఉపయోగం |
|---|---|---|---|---|
| ఇంటి నుంచి రాడార్ పరిశీలన | పుష్కలం | ఉచితం నుంచి కొన్ని పదుల డాలర్లు | రోజుకు అరగంట, గాలివాన రోజున ఒక సాయంత్రం | ఇంటివారికి, బంధుమిత్రులకు |
| స్పాటర్ శిక్షణ, ఉన్నచోటి నుంచి నివేదికలు | చాలినంత | దాదాపు ఉచితం | ఒక పూట శిక్షణ, ఆపై వాతావరణాన్ని బట్టి | అన్నింటికంటే ఎక్కువ |
| గైడుతో టూర్ | గైడు అనుభవాన్ని బట్టి | వేల డాలర్లు | వారం నుంచి పది రోజులు | స్వల్పం |
| సొంత వాహనంలో వెంబడించడం | నిమిషాలు మాత్రమే | పెట్రోలు, బస, వడగళ్ళ నష్టం | అనిశ్చితం | శిక్షణ ఉంటే ఎక్కువ, లేకపోతే శూన్యం |

## ఇంటి నుంచి రాడార్ పరిశీలన

దీన్ని చిన్నచూపు చూసేవారు ఉన్నారు. ఆ చూపు సరికాదు. రోడ్డు మీద ఉన్నవారికి ఒక్క గాలివాన ఒక్క వైపు నుంచి కనబడుతుంది. ఇంట్లో ఉన్నవారు ఒకే సాయంత్రం పది గాలివానలను పుట్టుక నుంచి చివరి వరకు గమనించగలరు, మరునాడు అదే డేటాను మళ్ళీ మొదటి నుంచి చూసుకోగలరు.

చూడవలసిన క్రమం ఒకటి ఉంది. ఓక్లహోమాలోని నార్మన్ పట్టణంలో ఉన్న స్టార్మ్ ప్రెడిక్షన్ సెంటర్ రోజూ ముందస్తు అంచనాల పటాలు విడుదల చేస్తుంది. వాటిలో ముప్పు అయిదు స్థాయిల్లో ఉంటుంది: ముదురు ఆకుపచ్చతో మార్జినల్, పసుపుతో స్లైట్, నారింజతో ఎన్‌హాన్స్‌డ్, ఎరుపుతో మోడరేట్, ఊదా కలిసిన గులాబీతో హై. పటంతో పాటు వచ్చే వచనాన్ని చాలామంది చదవరు. అసలు విద్య అక్కడే ఉంది. తేమ ఎంత ఉంది, నేల దగ్గరి గాలికీ పైగాలికీ మధ్య తేడా ఎంత, మూతలా పనిచేసే వెచ్చటి గాలిపొర ఎప్పుడు తొలగుతుంది అని నిపుణులు తర్కించుకునే తీరు ఆ పేరాల్లో కనబడుతుంది. నెల రోజులు పట్టుదలగా చదివితే ఆ పరిభాష అలవాటవుతుంది. గాలివానలు ముదిరే వీలున్నప్పుడు పలు కౌంటీలకు (మన జిల్లాల వంటివి) కలిపి కొన్ని గంటల వ్యవధితో వాచ్ ప్రకటించేదీ ఈ కేంద్రమే. ప్రమాదం కళ్ళెదుట ఉన్నప్పుడు అమెరికా ప్రభుత్వ వాతావరణ సంస్థ అయిన నేషనల్ వెదర్ సర్వీస్ స్థానిక కార్యాలయం వార్నింగ్ ఇస్తుంది.

ఆ తరువాత రాడార్. దేశంలో వానతో పాటు గాలి కదలికను కూడా కొలిచే డాప్లర్ రాడార్లు దాదాపు 160 ఉన్నాయి, వాటి చిత్రాలు నేషనల్ వెదర్ సర్వీస్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఫోనులో రాడార్‌స్కోప్ వంటి యాప్ సుమారు పది డాలర్లకు వస్తుంది. ఉచిత యాప్‌లు రంగులను నునుపుగా కలిపేసి చూపిస్తాయి, ఇది మాత్రం రాడార్ కొలిచిన ప్రతి గడినీ ఉన్నదున్నట్టు చూపిస్తుంది. ఔత్సాహికుడు పెట్టవలసిన మొదటి ఖర్చు ఇదేనని నా అభిప్రాయం.

కొత్తవారు వానను చూపే రిఫ్లెక్టివిటీ చిత్రం దగ్గరే ఆగిపోతారు. దాని పక్కనే ఉండే వెలాసిటీ చిత్రాన్ని తెరవండి. రాడార్ వైపు వచ్చే గాలి ఆకుపచ్చగా, దూరంగా పోయే గాలి ఎర్రగా ఉంటుంది. సూపర్‌సెల్ నైరుతి మూలలో, రిఫ్లెక్టివిటీ చిత్రంలో కొక్కెంలా వంగిన చోట, మెరిసే ఆకుపచ్చ గడి మెరిసే ఎర్ర గడిని తాకుతూ కనిపిస్తే అక్కడ గాలి గట్టిగా సుడి తిరుగుతోందని అర్థం. అదే చోట, రాడార్‌కు తగిలినవన్నీ ఒకే తీరుగా ఉన్నాయో లేదో చూపే కోరిలేషన్ కోఎఫిషియెంట్ చిత్రంలో, వాన ఉన్న ఎర్రటి ప్రదేశం మధ్య నీలిరంగు మచ్చ తేలితే, అవి వాన చినుకులు కావు. పైకప్పుల ముక్కలు, కొమ్మలు, ఇన్సులేషన్ పీచు గాలిలోకి లేచాయన్నమాట. ఆ మచ్చను మొదటిసారి గుర్తుపట్టిన క్షణంలో ఆసక్తి కాస్తా గంభీరంగా మారుతుంది, ఎందుకంటే ఆ చుక్క కింద ఎవరిదో ఇల్లు ఉంటుంది.

ఈ మార్గానికి పరిమితులూ ఉన్నాయి. రాడార్ కిరణం దూరం పోయేకొద్దీ నేల నుంచి పైకి లేస్తుంది. అతి తక్కువ కోణంలో పంపిన కిరణం కూడా 100 కిలోమీటర్ల దూరానికి చేరేసరికి నేలకు దాదాపు ఒకటిన్నర కిలోమీటర్ ఎత్తున ఉంటుంది. దాని కింద ఏం జరుగుతోందో రాడార్‌కు తెలియదు. ఆ ఖాళీని పూరించేది మనిషి కన్ను మాత్రమే.

## స్పాటర్ శిక్షణ

నాలుగింటిలో ఎక్కువమందికి నేను సూచించేది ఇదే. దీనికి రావలసినంత ప్రచారం రాలేదు కూడా.

స్కైవార్న్ పేరుతో నేషనల్ వెదర్ సర్వీస్ నడిపే ఈ కార్యక్రమంలో శిక్షణ ఉచితం, తరగతి సుమారు రెండు గంటలు. ఉత్తర టెక్సాస్‌లో ఫోర్ట్ వర్త్ కార్యాలయం వారు సాధారణంగా జనవరి నుంచి మార్చి వరకు ఒక్కో కౌంటీలో తరగతులు పెడతారు, ఆన్‌లైన్‌లోనూ ఉంటాయి. ఏ చదువూ, ఏ పరికరమూ అవసరం లేదు. ఏది చెప్పాలి, ఏది చెప్పనవసరం లేదు, ఎలా చెప్పాలి అన్నవే పాఠాలు. అంగుళం లేదా అంతకు మించిన వడగళ్ళు, గంటకు 58 మైళ్ళు దాటిన గాలి, సుడి తిరిగే మబ్బు, వరద నీరు: ఇవి చెప్పవలసినవి. వడగల్లు నిమ్మకాయంత ఉందని అంటే కార్యాలయంలోని వారికి ఉపయోగం తక్కువ. కొలబద్ద పెట్టి ఒకటి ముప్పావు అంగుళం అని, సమయంతో, కూడలి పేరుతో చెబితే అది హెచ్చరికలో చేరుతుంది.

శిక్షణలో అన్నింటికంటే విలువైనది, మబ్బు అడుగు భాగాన్ని చదవడం. గాలివాన కింద వేలాడే ప్రతి చీలికా టోర్నడోలాగే కనబడుతుంది. వాన చల్లబరిచిన గాలి పైకి లేచేటప్పుడు పుట్టే చిల్లర మబ్బు కూడా మొనదేలి వేలాడుతుంది. దాన్ని గోడ మబ్బు నుంచి, అంటే గాలివాన అడుగు నుంచి కిందికి దిగి సుడి తిరిగే మబ్బు నుంచి, వేరు చేయడానికి ఒక చిన్న పద్ధతి ఉంది. కదలకుండా నిలబడి, కరెంటు స్తంభాన్నో ఇంటి మూలనో ఆనవాలుగా పెట్టుకుని, మబ్బును ఒకటి రెండు నిమిషాలు చూడాలి. చిల్లర మబ్బు పైకి ఎగసి ఆకారం మారి చెదిరిపోతుంది. గోడ మబ్బు అక్కడే నిలుస్తుంది. దాని ముందు అంచు ఒక వైపుకు, వెనక అంచు మరో వైపుకు జరుగుతూ ఉంటుంది. ఆ రెండు నిమిషాల ఓపిక లేక పంపిన తప్పు నివేదికలు అనవసరంగా సైరన్లు మోగిస్తాయి. అలా రెండు మూడు సార్లు జరిగితే జనం సైరన్‌ను పట్టించుకోవడం మానేస్తారు.

ఈ మార్గంలో ఊరు దాటి వెళ్ళనవసరం లేదు. ఇంటి వరండా, ఆఫీసు పార్కింగ్ చాలు. పొరపాటు దిద్దుకునే వ్యవధి ఎక్కువగా ఉండటానికి కారణం అదే: గాలివాన మీదికి వస్తే లోపలికి అయిదడుగుల దూరం. గాలివానల కాలం కాని రోజుల్లో కూడా పని కావాలనుకుంటే కోకోరాస్ అనే స్వచ్ఛంద వానకొలత బృందం ఉంది. 1997 జులైలో కొలరాడోలోని ఫోర్ట్ కాలిన్స్‌ను ముంచిన వరద తరువాత, 1998లో అది మొదలైంది. ఊరికి ఒక మూల కుండపోత, ఇంకో మూల తుంపర ఎలా పడ్డాయో చెప్పగలిగే కొలతలు ఆ వరద నాడు చాలినన్ని లేవు. అందులో చేరినవారు నాలుగు అంగుళాల వ్యాసం గల వానకొలత గొట్టంతో రోజూ ఉదయం కొలత నమోదు చేస్తారు. కొందరు నురుగు పలకకు అల్యూమినియం రేకు చుట్టి పెరట్లో ఉంచుతారు. వడగళ్ళు పడ్డాక ఆ రేకు మీద మిగిలిన గుంటలే రాళ్ళ పరిమాణాన్నీ, అవి పడిన దిక్కునూ చెబుతాయి. పిల్లలతో కలిసి చేయదగిన పని ఇది.

ఔత్సాహికులు లైసెన్సు తీసుకుని నడిపే హామ్ రేడియో మీద ఆసక్తి ఉన్నవారికి మరో ద్వారం ఉంది. చాలా కౌంటీల్లో స్పాటర్ల సమాచారం హామ్ రేడియో ద్వారానే చేరుతుంది, సెల్ టవర్లు కూలినా అది పనిచేస్తుంది. అమెరికాలో ఆ లైసెన్సు పరీక్ష రాయడానికి పౌరసత్వం అవసరం లేదు.

లోటు ఒకటే. ఇంటి చుట్టుపక్కల మాత్రమే చూస్తారు కాబట్టి, జీవితకాలంలో ఒక్క టోర్నడో కూడా కనబడకపోవచ్చు.

## గైడుతో టూర్

కళ్ళారా చూడాలన్న కోరిక బలంగా ఉండి, అనుభవం లేనివారికి నేను ఆమోదించే ఒకే ఒక్క మార్గం ఇది. ఏప్రిల్ చివర నుంచి జూన్ వరకు అనేక సంస్థలు వ్యాన్లలో ఆరు నుంచి పన్నెండు మందిని తీసుకుని వారం పది రోజుల యాత్రలు నడుపుతాయి. ఎక్కువ యాత్రలు ఓక్లహోమా సిటీ నుంచో డెన్వర్ నుంచో మొదలవుతాయి. రుసుము సాధారణంగా మూడు వేల డాలర్ల చుట్టుపక్కల మొదలై పైకి పోతుంది. బస అందులోనే కలిపి ఉండవచ్చు, భోజనం ఉండదు, విమానం ఖర్చు వేరు.

ఈ యాత్ర నిజంగా ఎలా ఉంటుందో తెలిసి వెళ్ళాలి. రోజుకు 300 నుంచి 500 మైళ్ళు కూర్చుని ప్రయాణం చేయడం మామూలు. పొద్దున్నే హోటల్ గదిలో గైడు పటాలు వివరిస్తారు; ఆపై పెట్రోలు బంకులో దొరికింది తింటూ, మధ్యాహ్నం ఏదో చిన్న ఊరి బయట, పొలం గట్టు పక్కన వ్యాన్ ఆపి, మబ్బులు లేస్తాయా లేదా అని గంటల తరబడి ఎదురుచూస్తారు. శాకాహారులకు పశ్చిమ కాన్సస్ ఊళ్ళలో రొట్టె, చీజ్, బంగాళదుంప వేపుళ్ళు తప్ప మరేమీ దొరకకపోవచ్చు. పులిహోరపొడో పచ్చడో వెంట పెట్టుకోవడం మంచిది. వీపునొప్పి, మధుమేహం ఉన్నవారు వైద్యుణ్ణి అడిగి నిర్ణయించుకోవాలి.

టోర్నడో కనబడుతుందని ఏ నిజాయితీ గల సంస్థా హామీ ఇవ్వదు. ఇచ్చేవారిని నమ్మవద్దు. కానీ ఈ యాత్రల్లో దాదాపు తప్పక దక్కేది మరొకటి ఉంది. సాయంత్రపు ఎండలో, యాభై కిలోమీటర్ల దూరం నుంచి, కుమ్మరి సారె మీద తిరుగుతున్న మట్టిముద్దలా అంచెలంచెలుగా సుడి తిరిగే సూపర్‌సెల్‌ను పూర్తిగా చూడటం. టోర్నడో కంటే అదే గొప్ప దృశ్యమని చెప్పే గైడులున్న సంస్థను ఎంచుకోండి.

సంస్థను ఎంచుకునే ముందు అడగవలసినవి: డ్రైవరూ, రాడార్ చూసేవారూ వేర్వేరు మనుషులా? ఒక్కరే రెండు పనులూ చేస్తే అక్కడితో ఆగిపోండి. చీకటి పడ్డాక గాలివాన దగ్గరే ఉంటారా, వెనక్కి మళ్ళుతారా? ఎంత దూరంలో ఆగుతారు? వ్యాన్‌లో సీటు బెల్టు అందరికీ తప్పనిసరా? ఆఖరి ప్రశ్న చిన్నదిగా కనబడుతుంది. కానీ ఈ వ్యాపకంలో రోడ్డు ప్రమాదం అతి పెద్ద ముప్పుల్లో ఒకటి.

## సొంత వాహనంలో వెంబడించడం

ఇక్కడ పొరపాటు దిద్దుకునే వ్యవధి అన్నింటికంటే తక్కువ. ఆకర్షణ అన్నింటికంటే ఎక్కువ. అందుకే దీని గురించి విస్తారంగా చెప్పవలసి వస్తోంది.

2013 మే 31న ఓక్లహోమాలోని ఎల్ రీనో దగ్గర పుట్టిన టోర్నడోను ఈ మార్గం ఎంచుకునే ప్రతివారూ అధ్యయనం చేయాలి. దాని వెడల్పు 2.6 మైళ్ళకు, అంటే నాలుగు కిలోమీటర్ల పైచిలుకుకు పెరిగింది. ఇప్పటివరకు నమోదైన వాటిలో అదే అతి వెడల్పైనది. చూస్తుండగానే వెడల్పు, వేగం, దిశ మూడూ మారిపోయాయి. చాలా భాగం వాన తెర వెనక దాగి ఉంది. ఆ సాయంత్రం టోర్నడోల పరిశోధకుడు టిమ్ సమారస్, ఆయన కుమారుడు పాల్, సహచరుడు కార్ల్ యంగ్ ప్రాణాలు కోల్పోయారు. సమారస్ నిర్లక్ష్యంగా తిరిగే మనిషి కాడు. 2003 జూన్ 24న దక్షిణ డకోటాలోని మాంచెస్టర్ దగ్గర టోర్నడో దారిలో ముందుగానే పరికరాన్ని ఉంచి, దాని లోపల పీడనం 100 మిల్లీబార్లు పడిపోవడాన్ని నమోదు చేసిన పరిశోధకుడు. అంతటి అనుభవజ్ఞుడికి కూడా ఆ రోజు ఆకాశం తగినంత వ్యవధి ఇవ్వలేదు. రెండు వీడియోలు చూసి బయల్దేరేవారికి ఇస్తుందని అనుకోవడానికి ఆధారమేమీ లేదు.

టోర్నడో తగలకపోయినా రోడ్డు ఉంది. 2022 ఏప్రిల్ 29న కాన్సస్‌లో గాలివానను చూసి తిరిగి వస్తున్న ముగ్గురు ఓక్లహోమా విశ్వవిద్యాలయం వాతావరణశాస్త్ర విద్యార్థులు, తడిసిన హైవే మీద కారు అదుపు తప్పి, ట్రక్కు ఢీకొని మరణించారు. వెంబడింపు ముగిశాక, అలసట మీద, రాత్రిపూట ఇంటికి మళ్ళే ఆ నాలుగైదు గంటల ప్రయాణాన్ని ఎవరూ ప్రణాళికలో రాసుకోరు. దగ్గరి ఊళ్ళో హోటల్ గదికి డబ్బు లేకపోతే ఆ రోజు అంత దూరం వెళ్ళడానికి కూడా డబ్బు లేదనే లెక్క వేసుకోవాలి.

వెళ్ళి తీరాలనుకునేవారికి భూగోళం మొదటి పాఠం. దక్షిణ మైదానాల్లో సూపర్‌సెల్‌లు తరచుగా ఈశాన్యం వైపు కదులుతాయి. కాబట్టి గాలివానకు ఆగ్నేయాన ఉండి వాయవ్య దిక్కుకు చూడటం, దక్షిణానికి పోయే తారు రోడ్డు ఎప్పుడూ అందుబాటులో ఉంచుకోవడం సాధారణ నియమం. కాన్సస్, పశ్చిమ ఓక్లహోమాల్లో రోడ్లు మైలుకొకటి చొప్పున గళ్ళ నుడికట్టులా ఉంటాయి, కానీ వాటిలో చాలావరకు మట్టిరోడ్లు. పది నిమిషాల వానకు చక్రాలు దిగబడతాయి. రెడ్ రివర్ వంటి నదుల దగ్గర వంతెనలు దూరదూరంగా ఉంటాయి, తప్పించుకునే దారి నది ఒడ్డున ఆగిపోతుంది. తూర్పున అర్కాన్సా, మిస్సోరి కొండల్లో చెట్లు అడ్డుపడి మబ్బు అడుగు కనబడదు. అటువైపు వెంబడించడం ఎంత అనుభవం ఉన్నా తగదని నా గట్టి అభిప్రాయం.

ఓవర్‌పాస్ (హైవే మీది వంతెన) కింద తలదాచుకోవచ్చన్న అపోహ ఇంకా బతికే ఉంది. 1999 మే 3 నాటి ఓక్లహోమా టోర్నడోల్లో అలా ఓవర్‌పాస్‌ల కింద చేరినవారిలో ముగ్గురు చనిపోయారు. ఆ ఇరుకులో గాలి బలం తగ్గదు, ఎగిరివచ్చే శకలాల నుంచి కాపాడే గోడ కూడా ఏదీ ఉండదు.

డబ్బు సంగతి. వడగళ్ళకు అద్దాలు పగలడం, బానెట్ గుంటలు పడటం ఈ మార్గంలో మామూలే. దక్షిణ డకోటాలోని వివియన్‌లో 2010 జులై 23న పడిన వడగల్లు వ్యాసం ఎనిమిది అంగుళాలు. అంత పెద్దవి అరుదు, కానీ రెండు అంగుళాలది చాలు అద్దం పోవడానికి. కారు బీమాలో కాంప్రిహెన్సివ్ భాగం ఉంటేనే వడగళ్ళ నష్టం వస్తుంది. అద్దె కారైతే ఒప్పందంలో వడగళ్ళ గురించి ఏముందో సంతకానికి ముందే చదవాలి.

ఇద్దరికి తక్కువగా వెళ్ళకూడదు: ఒకరు కేవలం నడపాలి, ఒకరు కేవలం చూడాలి. ఫోను సిగ్నల్ పోతుందని ముందే అనుకుని కాగితపు పటం ఉంచుకోవాలి. పిడుగుల సమయంలో ట్రైపాడ్ పక్కన నిలబడటం మానుకోవాలి, కారులోనే ఉండాలి. సూర్యాస్తమయంతో వెంబడింపు ముగించాలి, అప్పుడు ఎదురుగా ఎంత గొప్ప గాలివాన ఉన్నా సరే.

## ఎవరికి ఏది?

చిన్నపిల్లలున్న కుటుంబాలు. రాడార్ పరిశీలన, దానితోపాటు స్పాటర్ శిక్షణ. మీ ఆసక్తి మీ ఇంటికే మొదటి రక్షణ అవుతుంది. డాలస్ ప్రాంతపు పెద్ద టోర్నడోలు రెండు చీకటి పడ్డాకే వచ్చాయి. 2015 డిసెంబర్ 26న గార్లండ్‌లో పది మంది చనిపోగా, వారిలో ఎక్కువమంది హైవే మీద వాహనాల్లో ఉన్నవారే. 2019 అక్టోబర్ 20 రాత్రి ఉత్తర డాలస్‌ను చీల్చుకుపోయిన దానిలో ప్రాణనష్టం లేదు. రాత్రిపూట ఫోను నిశ్శబ్దంలో పెట్టే అలవాటుంటే, మీ కౌంటీకి అమర్చిన, హెచ్చరిక రాగానే మోగే నోవా వెదర్ రేడియో పడకగదిలో ఉండాలి. టెక్సాస్ ఇళ్ళలో నేలమాళిగలు అరుదు కనుక, కింది అంతస్తులో కిటికీ లేని స్నానాలగదినో అల్మరా గదినో ముందే నిర్ణయించుకోండి. మూడో అంతస్తు అపార్ట్‌మెంటులో ఉన్నవారు కింది అంతస్తు వారితో ఎండరోజుల్లోనే మాట్లాడి ఉంచుకోవాలి. పొరుగింటి అత్తయ్యగారు కాదనరు, కానీ అర్ధరాత్రి తలుపు కొట్టినప్పుడు ఆవిడకు కారణం తెలిసి ఉండాలి.

చదువుకుంటున్నవారు. శిక్షణ ఉచితం, రాడార్ ఉచితం, సమయం ఉంది. స్నేహితుల కారులో నలుగురు కలిసి సరదాగా బయల్దేరే ప్రలోభం కూడా ఉంది. రెండు వసంతాలు కేవలం అంచనాలు వేసి, సాయంత్రానికి అవి ఎంతవరకు నిజమయ్యాయో రాసిపెట్టుకోండి. గాలివాన ఏ కౌంటీలో మొదట లేస్తుందో ఉదయం 11:30 ప్రాంతంలో స్టార్మ్ ప్రెడిక్షన్ సెంటర్ నుంచి వచ్చే తాజా అంచనాను చదివి మీరే గుర్తించగలిగే స్థితి వచ్చేవరకు, రోడ్డు మీద మీకు పని లేదు.

ఫోటోగ్రాఫర్లు. టూరే మేలు. వ్యూఫైండర్‌లో కన్ను పెట్టినవారికి పక్క నుంచి వచ్చేది కనబడదు, ఆ బాధ్యత వేరే మనిషి తీసుకోవాలి. ఫోటోల కోసమే నడిపే యాత్రలు వేరుగా ఉంటాయి, వాటిలో ఆగే సమయం ఎక్కువ.

శిక్షణ అయి, ఒకటి రెండు టూర్లు చూసి, ఇక సొంతంగా వెళ్ళాలనుకునేవారు. మొదట అనుభవజ్ఞుల కారులో ప్రయాణికులుగా వెళ్ళండి. నారింజ, ఎరుపు రంగుల రోజులను మొదటి సంవత్సరం వదిలిపెట్టండి. ఆ రోజుల్లో గాలివానలు వేగంగా కదులుతాయి, రోడ్ల నిండా మీలాంటివారే ఉంటారు. పసుపు రంగు రోజున, చదునైన పశ్చిమ కాన్సస్‌లో, విడిగా నెమ్మదిగా కదిలే ఒక్క సూపర్‌సెల్ కొత్తవారికి ఎక్కువ నేర్పుతుంది.

ఆంధ్ర, తెలంగాణల్లో ఉన్నవారు. టెక్సాస్‌లో సాయంత్రం అయిదైతే మనకు తెల్లవారుజామున మూడున్నర. త్వరగా లేచేవారికి మే నెలలో రోజూ ఒక పాఠం దొరుకుతుంది. మన దగ్గరి గాలివానల్నీ విడిచిపెట్టవద్దు: భారత వాతావరణ శాఖ హైదరాబాద్, మచిలీపట్నం, విశాఖపట్నం రాడార్ల చిత్రాలు అందరికీ అందుబాటులో ఉన్నాయి, వేసవిలో మామిడితోటల మీద విరుచుకుపడే వడగళ్ళ వాన వెనక ఉన్నదీ ఇదే భౌతికశాస్త్రం. 2024 ఆగస్టు 31న ములుగు జిల్లా తాడ్వాయి అడవిలో వేలాది చెట్లు కొద్దిసేపట్లో నేలకూలినప్పుడు, అటువంటి గాలి మనకు పరాయిది కాదని తెలిసింది. అమెరికా వెళ్ళి చూడాలనుకుంటే మే మధ్య నుంచి జూన్ మొదటి వారం వరకు ఓక్లహోమా సిటీ నుంచి బయల్దేరే టూర్ ఎంచుకోండి. జూన్ రెండవ వారం తరువాతే సెలవు దొరికితే డెన్వర్ నుంచి బయల్దేరేది చూడండి, ఎందుకంటే అప్పటికి గాలివానలు నెబ్రాస్కా, డకోటాల వైపు జరిగి ఉంటాయి. వీసాకు పట్టే సమయాన్ని దృష్టిలో ఉంచుకుని టూర్ కంటే ముందు ఆ పని మొదలుపెట్టండి, టూర్ డబ్బు వెనక్కి ఇచ్చే నిబంధనలు చదివాకే బయానా కట్టండి.